పాత సైనిక రైఫిల్: పేల్చే ముందు, పేల్చిన తర్వాత

పాత సైనిక రైఫిల్ చేతికి రాగానే చాలామంది దాని కర్ర భాగానికి పాలిష్ పట్టించాలనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. గరుకు కాగితం ఒక్కసారి తగిలితే తనిఖీదారులు కొట్టిన ముద్రలు చెరిగిపోతాయి, మళ్లీ రావు. నేను ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేశాను. తీసేసిన పొరను తిరిగి పెట్టలేమని నా చేతులకు తెలుసు. రైఫిల్‌ను ముందు చదవాలి, తర్వాత కొలవాలి. పేల్చడం ఆ తర్వాతి మాట.

అంతకన్నా ముందు చట్టం ఉంది. అమెరికా చట్టం 1898లోగా తయారైన తుపాకులను పురాతన వస్తువులుగా లెక్కిస్తుంది. చాలా దేశాల్లో వందేళ్లు దాటిన రైఫిల్‌కైనా లైసెన్సు తప్పదు. మీరుండే చోట ఏది వర్తిస్తుందో డబ్బు చెల్లించకముందే తెలుసుకోండి.

ఇక చదవడం. నా మొదటి రైఫిల్ 1938 నాటి రష్యన్ మోసిన్-నగాంత్ 91/30. గొట్టం మొదట్లో నక్షత్రం, దాని లోపల బాణం ఉన్నాయి. అది తూలా కర్మాగారం గుర్తు. త్రికోణంలో బాణం ఉంటే ఇజెవ్‌స్క్‌ది. చిన్న పెట్టెలో ఎస్ఏ అన్న అక్షరాలు కనిపిస్తే అది ఫిన్లాండ్ సైన్యం చేతుల్లోకి వెళ్లిందని అర్థం. తర్వాత గొట్టం మీది సంఖ్యను బోల్ట్ (గొట్టాన్ని వెనక నుంచి మూసే కడ్డీ), మ్యాగజైన్ (తూటాల పెట్టె) అడుగు పలక, బట్ (భుజానికి ఆనే చివర) పలకల మీది సంఖ్యలతో పోల్చండి. అన్నీ కలిశాయని సంబరపడకముందు అంకెల తీరు చూడండి. యుద్ధం తర్వాత సోవియట్ ఆయుధాగారాలు మరమ్మతు చేసిన రైఫిళ్లలో పాత సంఖ్యను కొట్టేసి కొత్తది వేయడం మామూలే. సంఖ్యలన్నీ పుట్టుకతో కలిసిన రైఫిల్‌కు ఇచ్చే ధర దానికి ఇవ్వకండి.

జపాన్ అరిసాకా రైఫిళ్ల మీద చామంతి ముద్ర అరగదీసి ఉంటే అది లోపం కాదు. లొంగిపోయిన సైన్యం అప్పగించిన ఆయుధాల్లో చాలావాటి మీద ఆ రాజముద్రను అలా తొలగించారు. స్విట్జర్లాండ్ కే31 రైఫిల్ బట్ పలకను విప్పితే, దాన్ని మోసిన సైనికుడి పేరున్న చీటీ ఒక్కోసారి దొరుకుతుంది. నా కే31లో ఉంది. చదివి, మడత చెడకుండా ఉన్నచోటే పెట్టి మరలు బిగించాను. మీరూ అలాగే చేయండి.

కొలతల విషయంలో మాత్రం నేను ఎవరి మాటా నమ్మను, గేజ్ (కొలిచే పరికరం) మాటే నమ్ముతాను. ముందు గొట్టాన్ని శుభ్రం చేసి అప్పుడు లోపలికి చూడండి, ఎందుకంటే గ్రీజు గుంతలను కప్పేస్తుంది. గుండును తిప్పే లోపలి గాళ్ల అంచులు పదునుగా ఉంటే లోపల కాస్త నల్లగా ఉన్నా గొట్టం బాగా కొట్టగలదు. మూతి (గుండు బయటికొచ్చే కొన) దగ్గర అరుగుదల మాత్రం గురిని పాడుచేస్తుంది. మందు, ప్రైమర్ (మందును అంటించే అడుగు బిళ్ల) లేని డమ్మీ తూటాను మూతిలో పెట్టి చూడండి. గుండు మొత్తం, ఇత్తడి తొడుగు అంచు దాకా, దిగిపోతే మూతి అరిగినట్టే. రష్యన్ రైఫిళ్లలో అరిగిన మూతిని కొంత లోతు వరకు తొలిచి సరిచేసేవారు. గాళ్లు మూతి దగ్గర కాకుండా కాస్త లోపలి నుంచి మొదలైతే అదే సంగతి, భయపడనక్కర్లేదు.

అసలు భయపడాల్సింది హెడ్‌స్పేస్ విషయంలో. బోల్ట్ మూసినప్పుడు తూటాకు వెనకాల మిగిలే చోటు ఎక్కువైతే ఇత్తడి తొడుగు సాగి తెగుతుంది. బ్రిటిష్ .303 రైఫిల్‌కు ఈ కొలత, తూటా అంచు మందంతో కలిపి, 0.064 నుంచి 0.074 అంగుళాల మధ్య ఉండాలి. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4లో 0 నుంచి 3 వరకు సంఖ్యలున్న బోల్ట్ తలలు మార్చి దీన్ని సరిచేసేవారు. అందుకే ఆ రైఫిల్‌కు వేరే రైఫిల్ బోల్ట్ తగిలించి ఉంటే గేజ్ పెట్టకుండా ఒక్క తూటా కూడా పేల్చకండి. గేజ్ వాడటం రాకపోతే తుపాకీ మరమ్మతుల నిపుణుడికి చూపించండి.

కొన్ని రైఫిళ్ల ప్రమాదం కంటికి కనిపించదు. జర్మన్ 8 మిల్లీమీటర్ల తూటాల్లో పాత గుండు వ్యాసం సుమారు 8.08 మిల్లీమీటర్లు, 1905లో వచ్చిన గుండుది 8.20. తొలిచి మార్చని 1888 నమూనా గొట్టంలో రెండోదాన్ని పేలిస్తే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో తయారైన 1903 నమూనాలో 8,00,000 కన్నా తక్కువ సంఖ్యవీ, రాక్ ఐలండ్‌లో తయారైనవాటిలో 2,85,507 కన్నా తక్కువ సంఖ్యవీ ఉక్కును కాల్చడంలో జరిగిన తప్పు వల్ల పెళుసుగా ఉండవచ్చు. అలాంటిది దొరికితే గోడకు అలంకారంగా పెట్టుకోండి.

నిల్వ కోసం పూసిన కాస్మోలిన్ గ్రీజు వదలడానికి లోహభాగాలకు మినరల్ స్పిరిట్స్ చాలు. కర్రను నల్ల ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఎండలో ఉంచి, చెమర్చిన గ్రీజును గుడ్డతో తుడవండి, అవసరమైనన్ని రోజులు. సోవియట్ కర్రలకు లక్క పూత ఉంటుంది, ఆల్కహాల్ తగిలితే కరుగుతుంది. బ్రిటిష్ కర్రలకు అవిసె నూనె రెండు చుక్కలు అరచేత్తో రుద్దితే సరి. నూనె గుడ్డను ఉండచుట్టి పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి ఆరేయండి. మోసిన్ బోల్ట్ పేల్చాక బిగుసుకుపోతుంటే, చాలాసార్లు కారణం ఛాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) గట్టిపడ్డ ఆ గ్రీజే. 20 గేజ్ (ఇక్కడ అది గొట్టం సైజు) షాట్‌గన్ బ్రష్‌తో గట్టిగా రుద్దండి.

ఇప్పుడు అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజ్‌కి వెళ్లవచ్చు. కళ్లకు అద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. లీ-ఎన్‌ఫీల్డ్ క్లిప్పులో (తూటాలను వరసగా పట్టే పట్టీలో) పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండేలా పేర్చండి, లేకపోతే రెండూ చిక్కుకుంటాయి. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే, మూతిని లక్ష్యం వైపే ఉంచి ఒక నిమిషం ఆగి బోల్ట్ తెరవండి. పాత మందు ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. మొదటి తూటా తొడుగును చేతిలోకి తీసుకుని చూడండి. అడుగుకు కాస్త పైన మెరిసే గీత కనబడితే, కొసను కొద్దిగా వంచిన తీగను లోపలికి పోనిచ్చి గీయండి. గాడి తగిలితే ఆ రోజుకు పేల్చడం అక్కడితో ఆపండి. 91/30 గుళ్లు గురికి పైన పడుతున్నాయని కంగారు పడకండి, ఆ రైఫిల్ గురిని బాయ్‌నెట్ తగిలించి సరిచేసేవారు.

పేల్చిన తర్వాతి పనే నాకు ఖరీదైన పాఠం. పాత సైనిక నిల్వ తూటాలు నలభై పేల్చి, గొట్టంలో నూనె గుడ్డ లాగి, వారం పాటు పక్కన పెట్టాను. బోల్ట్ తెరిస్తే లోపలంతా నారింజ రంగు. ఆ తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది మండాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే ఉప్పు లాంటిదే. గాలిలోని తేమను లాక్కుంటుంది. నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. నేను దాని మీద నూనె కప్పి దాచాను, అంతే.

అందుకని అదే రోజు, వీలైతే రేంజ్‌లోనే, గరాటుతో గొట్టం పొడవునా వేడినీళ్లు పోయండి. బోల్ట్ ముఖాన్ని, ఫైరింగ్ పిన్‌ను కూడా కడగండి, ఉప్పు అక్కడికీ చేరుతుంది. వేడి లోహం త్వరగా ఆరుతుంది. పూర్తిగా ఆరాకే నూనె రాయండి. మరుసటి రోజు పొడి గుడ్డ ఒకటి లాగి చూడండి. ఎర్రగా వస్తే మళ్లీ నీళ్లు, మళ్లీ ఆరబెట్టడం, మళ్లీ నూనె. గుడ్డ తెల్లగా వచ్చాక రైఫిల్‌ను తాళం ఉన్న బీరువాలో, గుడ్డ సంచి తొడగకుండా, తోలు పట్టీ విప్పి పెట్టండి. రెండూ తేమను పట్టి ఉంచుతాయి.