బోరింగ్ చేయించిన అంబాసిడర్ ఇంజన్: లక్షణం, కారణం, పరిష్కారం

హిందుస్థాన్ మోటార్స్ 1957లో అంబాసిడర్‌ను తెచ్చినప్పుడు దానిలో సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. కొద్దికాలానికే దాని స్థానంలో 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ వచ్చింది. బ్రిటన్‌లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ సిరీస్‌గా పేరుపొందిన ఈ ఇంజన్‌కు 73 మి.మీ. బోరు (సిలిండరు వ్యాసం), 88.9 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), మూడు మెయిన్ బేరింగులు, పోత ఇనుప బ్లాకు, పోత ఇనుప హెడ్డు ఉంటాయి. ఉత్తరపాడా కర్మాగారం 2014 మేలో మూతపడినా ఈ ఇంజన్‌తో తిరిగే బండ్లు ఇంకా ఉన్నాయి. వాటిని ఇష్టంతో నిలుపుకుంటున్నవారి కోసమే ఈ వ్యాసం. డీజిల్ ఇంజన్‌కు, తరువాత వచ్చిన ఇసుజు పెట్రోల్ ఇంజన్‌కు ఇందులోని కొలతలు వర్తించవు.

లేత్ షాపులో బోరింగ్ (అరిగిన సిలిండర్లను కాస్త పెద్దవిగా తొలవడం), క్రాంక్ గ్రైండింగ్ (క్రాంక్ షాఫ్టును నున్నగా సానపట్టడం) చేయించి బిగించిన ఇంజన్ ఇబ్బంది పెట్టినప్పుడు, తప్పు కొత్తగా వేసిన సామానులోనే ఉందని అనుకోవడం సహజం. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా ముట్టుకోకుండా వదిలేసిన చోటనో, కొలవకుండా బిగించిన చోటనో బయటపడింది. కాబట్టి ఇంజన్‌ను మళ్లీ దింపాలని నిర్ణయించే ముందు బయటి నుంచి కొలవగలిగినవన్నీ కొలవాలి. కింద చెప్పిన వరస కూడా అదే: ముందు ఖర్చులేని పరీక్షలు, చివరికి సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పడం.

వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోవడం

చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ బాగానే చూపించి, ఇరవై నిమిషాలు నడిచాక ఐడిల్‌లో ఆయిల్ దీపం మిణుకుమిణుకుమంటే ముందు ఆ దీపాన్నే అనుమానించాలి. ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో ట్యూబుతో పనిచేసే మెకానికల్ గేజ్ బిగించి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ వేడిగా ఉండి రోడ్డు మీద పరుగెత్తుతున్నప్పుడు 50 పి.ఎస్.ఐ.కి అటూఇటూగా, ఐడిల్‌లో 15 నుంచి 25 పి.ఎస్.ఐ. వరకు చూపిస్తుంది. గేజ్ ఈ అంకెలు చూపిస్తే స్విచ్ మార్చి ఊరుకోవచ్చు.

గేజ్ కూడా తక్కువే చూపిస్తే తరువాత చూడవలసినది రిలీఫ్ వాల్వ్. బ్లాకు వెనుక భాగంలో, ఎడమ పక్కన, గుండ్రటి తల ఉన్న నట్టు కింద ఒక స్ప్రింగు, దాని కింద ఒక చిన్న ప్లంజరు ఉంటాయి. హోనింగ్ (బోరు గోడలను సానరాళ్లతో సన్నగా గీయడం) చేసినప్పుడు రాలిన ఇనుప పొడి ఆ ప్లంజరు కూర్చునే అంచు మీద ఒక్క రేణువు చిక్కుకున్నా చాలు, ఆయిల్ బేరింగులకు వెళ్లకుండా సంపులోకి తిరిగిపోతుంది. ఇది తెలియని రోజుల్లో నేను ఒకసారి ఇంజన్ మొత్తం దింపించి, షెల్ బేరింగులు (క్రాంక్ షాఫ్టు తిరిగే సన్నటి అర్ధచంద్రాకారపు రేకులు) మార్పించి, మళ్లీ ఎక్కించాక కూడా గేజ్ ముల్లు కదలకపోతే నిర్ఘాంతపోయాను. తప్పు ఆ ప్లంజరు మీద పడిన గీతలో ఉంది. ప్లంజరు, స్ప్రింగు మార్చడానికి అరగంట సరిపోయింది. ఆ అరగంట ముందే కేటాయించి ఉంటే నెల రోజుల పని తప్పేది.

రిలీఫ్ వాల్వ్ శుభ్రంగా ఉంటే ఇక సంపు విప్పవలసిందే. పంపు రోటర్ల చివరి ఖాళీని స్టీలు స్కేలు, ఫీలర్ గేజ్‌లతో కొలవాలి. అది 5 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.127 మి.మీ. దాటితే పంపు అరిగినట్టే. రెండు రోటర్ల పళ్ల మధ్య ఖాళీ 6 థౌ దాటకూడదు. పంపుకు ఆయిల్ లాగే పైపు అతుకు దగ్గర గాస్కెట్ సరిగా కూర్చోకపోతే పంపు ఆయిల్‌తోపాటు గాలినీ పీలుస్తుంది. అప్పుడు గేజ్ ముల్లు నిలకడగా ఉండక వణుకుతుంది. ఇవన్నీ సరిగా ఉన్నాకే బేరింగ్ క్యాపులు విప్పి, ప్లాస్టిగేజ్ తీగ (ఖాళీని కొలవడానికి వాడే మెత్తటి తీగ) వేసి, టార్క్ రెంచితో బిగించి, మళ్లీ విప్పి ఆ తీగ నలిగిన వెడల్పు చూడాలి. మెయిన్ బేరింగుల్లో ఖాళీ సుమారు 0.025 నుంచి 0.07 మి.మీ. మధ్య ఉండాలి. క్రాంక్ పది థౌ గ్రైండింగ్ చేసి ఇరవై థౌ షెల్స్ తెచ్చారా, ఇరవై థౌ గ్రైండింగ్ చేసి పది థౌ షెల్స్ తెచ్చారా అన్నది షెల్ వెనుక ముద్రించిన అంకెతో పోల్చి చూస్తే తేలిపోతుంది. ఈ పొరపాటు వినడానికి నవ్వు తెప్పించినా అరుదైనది కాదు.

క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) బుష్‌లు కొత్తవి వేసినచోట మరో సంగతి గమనించాలి. బుష్ రంధ్రం, బ్లాకులోని ఆయిల్ రంధ్రం ఎదురెదురుగా రాకపోతే ప్రెషర్ బాగానే ఉన్నా రాకర్ షాఫ్టుకు ఆయిల్ అందదు. వాల్వ్ కవర్ తీసి ఇంజన్ నడిపితే రాకర్లు పొడిగా ఉండి కిచకిచమంటూ కనిపిస్తాయి.

వేడి

ఇంజన్ వేడెక్కుతోంది అనే మాటతో ఎవరికీ కారణం తెలియదు. ఎప్పుడు వేడెక్కుతోందో చెప్పగలిగితే సగం సమాధానం దొరుకుతుంది. సిగ్నళ్ల దగ్గర ముల్లు లేచి, బండి కదిలాక దిగితే గాలి చాలడం లేదని అర్థం. ఫ్యాను బెల్టు, ఫ్యాను రెక్కలు, రేడియేటరు ముందు పేరుకున్న పురుగులు, దుమ్ము చూడాలి. హైవే మీద వేగంగా వెళ్తున్నప్పుడే లేస్తే నీటి ప్రవాహంలోనో, టైమింగ్‌లోనో (స్పార్కు పడే సమయంలోనో) లోపం ఉంది. తెల్లవారి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాల్లోనే రేడియేటరులో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్ గుండా మంట నీటిలోకి చొరబడుతున్నట్టు. గాస్కెట్ మీద ముందు వైపు ఏదో, పై వైపు ఏదో తెలిపే ముద్రలు ఉంటాయి. తిరగేసి వేస్తే నీటి రంధ్రాలు మూసుకుపోతాయి. హెడ్ ముఖం చదునుగా ఉందో లేదో స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, మధ్య సిలిండర్ల దగ్గర ఫీలర్ గేజ్‌తో చూడాలి. రెండో, మూడో సిలిండర్లు ఒకే ఎగ్జాస్టు ద్వారాన్ని పంచుకుంటాయి కాబట్టి హెడ్డులో ఎక్కువ వేడి అక్కడే పుడుతుంది. పగుళ్లు కూడా అక్కడే వస్తాయి. బోరింగ్‌కు ఇచ్చే ముందే ఆ చోటును క్రాక్ టెస్టు చేయించడం మంచిది.

మన ప్రాంతంలో తరచుగా పట్టించుకోని కారణం బ్లాకు లోపలి సున్నం. ఏళ్ల తరబడి రేడియేటరులో బోరు నీళ్లు పోసిన ఇంజన్‌లో, ముఖ్యంగా నాలుగో సిలిండరు చుట్టూ, తుప్పూ సున్నమూ కలిసి గట్టిపడిన బురద ఉంటుంది. సిలిండర్లు ఎంత చక్కగా బోరింగ్ చేసినా ఆ బురద అలాగే ఉంటే నాలుగో పిస్టన్‌కు చల్లదనం అందదు. వెల్ష్ ప్లగ్గులన్నీ (బ్లాకు పక్కన నీటి గది రంధ్రాలను మూసే రేకు మూతలు) కొట్టి తీసి, వైరుతో గీకి, ఒత్తిడి నీటితో కడిగి, కొత్త ప్లగ్గులు వేయించాలి. ఆ తరువాత డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయాలి. వేడి తగ్గుతుందని థర్మోస్టాట్ పీకేయడం మన మెకానిక్‌ల పాత అలవాటు. అది రోగాన్ని తగ్గించదు. చలికాలం ఉదయాల్లో ఇంజన్ తగిన వేడికి రాక, ఆయిల్ పలచబడక, కొత్త బోరు తొందరగా అరుగుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు టకటక

హెడ్డు స్కిమ్మింగ్ (హెడ్డు ముఖాన్ని పలచగా కోసి చదును చేయడం), బోరింగ్ రెండూ చేయించాక, టాప్ గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇనుప గోలీలు డబ్బాలో కదిలినట్టు శబ్దం వస్తే అది ట్యాపెట్ (వాల్వుకు, రాకరుకు మధ్య ఖాళీ) చప్పుడు కాదు, మిశ్రమం తొందరగా పేలడం. చాలామంది వెంటనే టైమింగ్ వెనక్కి తిప్పేస్తారు. శబ్దం ఆగుతుంది, కానీ లాగుడు తగ్గి, ఎగ్జాస్టు మానిఫోల్డ్ కాగి, వేడి సమస్య మళ్లీ మొదటికి వస్తుంది.

లెక్క చూద్దాం. మూల ఇంజన్‌లో ఒక్కో సిలిండరు 372 సి.సి. కంప్రెషన్ నిష్పత్తి 7.2 ఉన్న ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు సుమారు 60 సి.సి. నలభై థౌ ఓవర్‌సైజ్ బోరింగ్ చేయిస్తే ఇంజన్ మొత్తం 1531 సి.సి. అవుతుంది, సిలిండరుకు దాదాపు 383. మిగిలే చోటు మారకపోతే నిష్పత్తి 7.4 దాకా మాత్రమే వెళ్తుంది; అది భయపడవలసినది కాదు. కానీ హెడ్డు రెండు మూడు సార్లు స్కిమ్మింగ్ జరిగి ఆ చోటు 50 సి.సి.కి తగ్గిందనుకుంటే నిష్పత్తి 8.7 వద్దకు చేరుతుంది. ఆ స్థితిలో ఇంజన్ వేగాన్ని బట్టి స్పార్కును ముందుకు జరిపే పాత డిస్ట్రిబ్యూటరు కర్వ్‌తో ఇంజన్ టకటకలాడక మానదు. అందుకే హెడ్డు బిగించే ముందు గాజు పలక, బ్యూరెట్‌తో ఒక్కో చాంబరులో ఎన్ని సి.సి.లు పడుతున్నాయో కొలిచి, పిస్టన్ తల ఆకారాన్ని, గాస్కెట్ మందాన్ని కలుపుకుని రాసిపెట్టుకోవాలి. నాలుగు చాంబర్ల మధ్య తేడా ఉంటే ఐడిల్ కూడా కుదురుగా ఉండదు.

నిష్పత్తి సరిగానే ఉండి శబ్దం వస్తుంటే డిస్ట్రిబ్యూటరు విప్పాలి. లోపలి బరువుల స్ప్రింగులు సాగిపోయి ఉంటే అడ్వాన్స్ (స్పార్కు ముందుకు జరగడం) తొందరగా వచ్చేస్తుంది. వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చి పట్టుకుంటే పాయింట్ల ప్లేటు తిరిగి అలాగే నిలవాలి. వెనక్కి జారితే డయాఫ్రమ్ చిల్లు పడినట్టు.

పొగ, ఆయిల్ కారడం

నీలి పొగ ఎప్పుడు వస్తుందో చూస్తే రింగులా, వాల్వ్ గైడ్లా (వాల్వ్ కాడ జారే గొట్టాలు) అన్నది తేలుతుంది. దిగుడులో యాక్సిలరేటరు వదిలి మళ్లీ నొక్కినప్పుడు గుప్పున వస్తే గైడ్లు. లోడు మీద ఎడతెగకుండా వస్తే రింగులు. కంప్రెషన్ టెస్టు పొడిగా ఒకసారి, ప్రతి సిలిండరులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మరొకసారి చేయాలి. రెండోసారి అంకె బాగా పెరిగితే రింగులు కూర్చోలేదు. కొత్త ఇంజన్‌ను జాగ్రత్త పేరుతో గంటల తరబడి ఐడిల్‌లో వదిలేసినా, ఎప్పుడూ నలభై దాటనివ్వకపోయినా బోరు మీది హోనింగ్ గీతలు రింగులు కూర్చునేలోపే నున్నగా మెరుగెక్కిపోతాయి. అప్పుడు మళ్లీ హోనింగ్ చేయించి కొత్త రింగులు వేయడమే మార్గం. మొదటి 800 కిలోమీటర్లలో ఇంజన్‌కు మితమైన లోడు పెడుతూ, వదులుతూ నడపాలి. ఆ కాలంలో సింథటిక్ ఆయిల్ వద్దు; 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ చాలు. కొత్త క్యామ్ వేసివుంటే మొదటి స్టార్టులో దాదాపు 2000 ఆర్‌పీఎం వద్ద ఇరవై నిమిషాలు ఉంచాలి, లేదంటే క్యామ్ లోబులు, ఫాలోయర్లు అక్కడే చెడిపోతాయి.

గేరుబాక్సు ముందు నుంచి ఆయిల్ చుక్కలు పడడం ఈ ఇంజన్ పుట్టుకతో వచ్చిన గుణం. వెనుక మెయిన్ బేరింగు దగ్గర రబ్బరు సీలు ఉండదు. క్రాంక్ మీద కోసిన మరచుట్టు తిరుగుతూ ఆయిల్‌ను లోపలికి నెడుతుంది. రాత్రికి అరచేయంత మరక సహజమే. ధారగా కారుతుంటే మాత్రం బేరింగును నిందించే ముందు క్రాంక్‌కేస్ బ్రీదరు గొట్టం మూసుకుందేమో చూడాలి. లోపల ఒత్తిడి పెరిగితే ఏ మరచుట్టూ ఆయిల్‌ను ఆపలేదు. ట్యాపెట్ పక్క కవర్ల గాస్కెట్ల నుంచి కారిన ఆయిల్ కూడా బ్లాకు వెంట వెనక్కి జారి అక్కడే చుక్కగా పడుతుంది. బ్లాకును కిరోసిన్‌తో కడిగి ఒక రోజు నడిపితే అసలు చోటు కనబడుతుంది.

ఎగ్జాస్టు ట్యాపెట్లు మాటిమాటికీ బిగుసుకోవడం

సాధారణంగా ట్యాపెట్లు కాలం గడిచేకొద్దీ వదులవుతాయి. ఎగ్జాస్టు వాల్వులు మాత్రం ప్రతి వెయ్యి కిలోమీటర్లకు బిగుసుకుంటూ ఉంటే వాల్వ్ సీటులోకి దిగిపోతోందని అర్థం. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఆ సీసమే పాత మెత్తటి సీట్లకు రక్షణగా ఉండేది. ఎగ్జాస్టు వైపు గట్టి ఉక్కు సీట్లు చెక్కించి కూర్చోబెట్టడం శాశ్వత పరిష్కారం. లేత్ పనివాడు లోతు ఎక్కువ తీసుకుంటే నీటి గదిలోకి చిల్లు పడుతుంది కాబట్టి ఈ పని ముందు చేసినవారికే అప్పగించాలి. ట్యాపెట్ సెట్టింగుకు తొమ్మిది లెక్క ఉపయోగపడుతుంది: ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోది, ఆ వరసలోనే మిగిలినవి.

కొత్త పెట్రోలు, కొత్త సామాను

ఇరవై శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుతో రెండు ఇబ్బందులు. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ మెత్తబడి పొరలుగా ఊడతాయి. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయాలి. రెండోది, మామూలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి చాలినచోట దీనికి 13.5 పాళ్లే సరిపోతుంది కాబట్టి పాత సెట్టింగులో మిశ్రమం పలచబడుతుంది: ఐడిల్ ఎగుడుదిగుడు, యాక్సిలరేటరు తొక్కగానే దగ్గు. ఎస్‌యూ కార్బురేటరు ఉంటే అడుగున జెట్ నట్టును ఒక్కో ముఖం చొప్పున కిందికి తిప్పి, పిస్టన్‌ను పిన్నుతో మిల్లీమీటరు కన్నా తక్కువ ఎత్తి చూడాలి. ఇంజన్ వేగం కొద్దిగా పెరిగి వెంటనే కుదురుకుంటే సెట్టింగు సరిపోయింది; పెరిగి అలాగే ఉండిపోతే మిశ్రమం చిక్కన, పడిపోతే పలచన.

పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయడం ఈ బండికి నిజంగా పనికొచ్చే మార్పు. వేసిన వారంలోనే మాడ్యూల్ కాలిపోతే తప్పు మాడ్యూల్‌ది కాకపోవచ్చు. బ్యాలస్టుతో (కరెంటును తగ్గించే రెసిస్టరుతో) నడిచే 1.5 ఓముల కాయిల్‌ను నేరుగా 12 వోల్టులకు కలిపితే కరెంటు రెట్టింపు అవుతుంది. 3 ఓముల కాయిల్ వాడాలి. పాత బండ్లలో కొన్నింటికి బాడీకి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, బిగించే ముందు బ్యాటరీ వైర్లు చూసుకోవాలి.

ఇవన్నీ విసిగి 1817 సి.సి. ఇసుజు ఇంజన్, ఐదు గేర్ల బాక్సు తెచ్చి వేద్దామనుకునేవారు ఉన్నారు. లాగుడు బాగుంటుంది, సందేహం లేదు. అయితే ఇంజన్ మార్పును మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 కింద ఆర్‌టీఓ కార్యాలయంలో ఆర్‌సీ మీద నమోదు చేయించాలి. ఇంకా, 2021లో వచ్చిన వింటేజ్ నమోదు నిబంధనలు యాభై ఏళ్లు దాటి, ఇంజన్, ఛాసిస్, బాడీ మార్చని బండికే వర్తిస్తాయి. అంబాసిడర్ యాభై ఏళ్లు దాటినదైతే, పాత 1489 ఇంజన్‌ను గ్రీజు పూసి మూలన పెట్టే ముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి.