ఈ.కోలితో 21వ అమైనో ఆమ్లాన్ని ప్రోటీన్‌లో పెట్టించడం ఎలా

ప్రోటీన్లు మామూలుగా 20 రకాల అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో లేని కొత్త ఆమ్లాన్ని ఈ.కోలి బ్యాక్టీరియాతో పెట్టించాలంటే, ప్రోటీన్ తయారీని ఆపమని చెప్పే ఒక స్టాప్ కోడాన్ (మూడక్షరాల సంకేతం) అర్థం మార్చాలి. మొదటిసారి చేసేవాళ్లు యూఏజీ కోడాన్‌తోనే మొదలుపెట్టండి. మూడు స్టాప్ కోడాన్లలో ఈ.కోలి అతి తక్కువగా వాడేది ఇదే, అందుకే దీని అర్థం మార్చినా తట్టుకుంటుంది.

జీన్‌లో కొత్త ఆమ్లం కావాల్సిన చోట టీఏజీ (యూఏజీకి డీఎన్ఏ రూపం) పెట్టండి. ఇక్కడ తొందరపడొద్దు: ప్రోటీన్ లోపల బిగుసుకున్న చోటు కాకుండా పైకి తేలిన చోట్లు రెండు మూడు విడివిడిగా ప్రయత్నించండి, ఎందుకంటే చుట్టుపక్కల అక్షరాలను బట్టి కూడా దిగుబడి బాగా మారిపోతుంది. జీన్ చివర టీఏజీ ఉంటే మరో స్టాప్ కోడాన్ టీఏఏగా మార్చడం మర్చిపోకండి. హిస్ ట్యాగ్ (ప్రోటీన్‌ను పట్టి శుద్ధి చేయడానికి తగిలించే హిస్టిడిన్ల తోక) చివర్లోనే పెట్టుకుంటే సగంలో ఆగిన ముక్కలు దానితో రావు.

అసలు ప్రాణమంతా కోడాన్‌ను చదివి ఆమ్లాన్ని తెచ్చే టీఆర్ఎన్ఏ, దానికి ఆమ్లాన్ని తగిలించే సింథటేజ్ ఎంజైమ్, ఈ జంటలోనే ఉంది. ఇది ఈ.కోలి సొంత జంటలతో కలవకూడదు, కాబట్టి మీథేన్ పుట్టించే ఆర్కియా నుంచి తెస్తారు. 2001లో పీటర్ షుల్జ్ బృందం టైరోసిన్ జంటతో చేసి చూపింది. లైసిన్ లాంటి ఆమ్లాలకైతే పైరోలైసిన్ జంట మేలు.

మీ జీన్ ఉన్నది, ఈ జంట ఉన్నది, రెండు ప్లాస్మిడ్లనూ (గుండ్రటి డీఎన్ఏ ముక్కలు) ఒకే కణంలోకి ఎక్కించి, ఇండక్షన్ (ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించడం) ముందు కణాలు పెరిగే మీడియాలో కొత్త ఆమ్లాన్ని 1 మిల్లీమోలార్ కలపండి.

ఆమ్లం కలపని కంట్రోల్ ఫ్లాస్క్ తప్పనిసరి. అందులోనూ పూర్తి ప్రోటీన్ వచ్చిందంటే మామూలు ఆమ్లమే ఎక్కుతోందన్నమాట. ముక్కలే ఎక్కువగా వస్తుంటే యూఏజీ దగ్గర తయారీని ఆపేసే కణం సొంత ప్రోటీన్ రిలీజ్ ఫ్యాక్టర్ 1 గెలుస్తోంది, అది తీసేసిన ఈ.కోలి స్ట్రెయిన్ వాడి చూడండి. జెల్‌లో బ్యాండ్ కనిపించగానే ఆగిపోకండి, మాస్ స్పెక్ట్రోమెట్రీలో బరువు సరిపోవాలి.