పోకెమాన్‌లో బ్యాలెన్స్ ఉన్న టీమ్ ఎలా కట్టాలి?

మా విజయనగరంలో పోకెమాన్ అనే జీవుల్ని పట్టుకుని పోట్లాడించే ఈ ఆట ఆడే గుంటలు చాలామంది గట్టిగా కొట్టేవి, చూడ్డానికి బాగున్నవి ఆరు ఏరుకుని టీమ్‌లో పెట్టేస్తారు. కథ ఆడుతున్నంతసేపు పర్లేదు, లెవెల్ ఎక్కువుంటే ఏ టీమైనా నెట్టుకొచ్చేస్తుంది. ఫ్రెండ్‌తో మ్యాచ్ పెట్టుకున్నప్పుడే తెలుస్తుంది, అవతలివాడి ఒక్క పోకెమాన్ మన ఆరింట్లో నాలుగింటిని వరసగా పడుకోబెట్టేస్తే. ఆ నాలుగింటికీ ఒకే బలహీనత ఉంటుంది, చూసుకోండి. అందుకే నేను టీమ్ కట్టేటప్పుడు ప్రతిసారీ ఒకటే ప్రశ్న వేసుకుంటాను: ఇది దెబ్బ తినే చోట దీని బదులు ఎవరు దిగుతారు?

ముందు మీకు బాగా ఇష్టమైనదాన్ని ఒకటి తీసుకోండి. ఉదాహరణకి గ్యారడాస్ అనుకుందాం. ఎగిరిపడడం తప్ప ఏమీ రాని మాజికార్ప్ లెవెల్ 20కి చేరితే గ్యారడాస్ అవుతుంది, ఓపిక పడితే ఎవరికైనా దొరుకుతుంది. ప్రతి పోకెమాన్‌కీ ఒకటో రెండో టైపులు, ప్రతి దెబ్బకీ ఒక టైప్ ఉంటాయి, ఏది ఎవరికి ఎంత తగులుతుందో వాటినిబట్టే. ఇది వాటర్, ఫ్లయింగ్ రెండు టైపులది. ఎలక్ట్రిక్ దెబ్బ వాటర్‌కి రెట్టింపు, ఫ్లయింగ్‌కీ రెట్టింపు, కాబట్టి దీనికి నాలుగింతలు తగులుతుంది. రాక్ దెబ్బ రెట్టింపు. ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి.

ఇప్పుడు ఆ కాగితం చూసి రెండోదాన్ని వెతకాలి. గ్రౌండ్ టైప్ మీద ఎలక్ట్రిక్ అస్సలు పనిచెయ్యదు, కాబట్టి గార్‌చాంప్‌ని తెచ్చుకుందాం. డ్రాగన్, గ్రౌండ్ కలిసినది. రాక్ దెబ్బ కూడా దానికి సగమే తగులుతుంది. అయితే ఐస్ తగిలితే నాలుగింతలు, డ్రాగన్, ఫెయిరీ తగిలితే రెట్టింపు. ఈ మూడింటినీ సగానికి తగ్గించేది స్టీల్, అందుకని మూడోది స్టీల్, సైకిక్ కలిసిన మెటాగ్రాస్. మెటాగ్రాస్‌కి ఫైర్, గ్రౌండ్, ఘోస్ట్, డార్క్ పడవు. ఫైర్ వస్తే గ్యారడాస్‌కి సగమే, గ్రౌండ్ వస్తే ఫ్లయింగ్ కాబట్టి అసలు తగలదు. చూశారా, తిరిగి మొదటిదాని దగ్గరకే వచ్చాం. మూడూ ఒకదానికొకటి కాపు కాస్తున్నాయి.

ఆటలో ఇది ఎలా ఉంటుందో చూడండి. మీ గ్యారడాస్ ముందుంది, అవతలివాడు ఎలక్ట్రిక్ టైప్ జోల్టియాన్‌ని దింపాడు. థండర్‌బోల్ట్ అనే ఎలక్ట్రిక్ దెబ్బ వేస్తాడని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. మామూలుగా మార్పిడి జరిగాకే దెబ్బ పడుతుంది కాబట్టి అదే టర్న్‌లో గార్‌చాంప్‌ని దింపండి. థండర్‌బోల్ట్ వచ్చి తగిలింది, నష్టం సున్నా. ఇప్పుడు ఇరుక్కున్నది వాడు: జోల్టియాన్ అక్కడే ఉంటే ఎర్త్‌క్వేక్ అనే గ్రౌండ్ దెబ్బ తినాలి, వెనక్కి తీస్తే ఆ దెబ్బ వచ్చేదానికి తగులుతుంది. బలంగా కొట్టేవి ఆరు ఉన్నంత మాత్రాన ఈ అవకాశం రాదు.

నాలుగోది మిగిలిన ఘోస్ట్, డార్క్‌ల కోసం. డార్క్ టైప్ అంబ్రియాన్‌కి ఈ రెండూ సగమే తగులుతాయి, పైగా చాలా దెబ్బలు ఓర్చుకుంటుంది. విష్ అనే మూవ్ వేసి మార్చేస్తే తర్వాతి టర్న్‌లో దాని బదులు వచ్చినదానికి ప్రాణం తిరిగొస్తుంది. కొట్టడం తక్కువని చాలామంది దీన్ని పట్టించుకోరు, నాకైతే టీమ్‌లో అన్నిటికన్నా విలువైనది ఇదే.

ఐదోదానికి వచ్చేసరికి ఇంకో లెక్క చూడాలి. ఆటలో దాడులు ఫిజికల్, స్పెషల్ అని రెండు రకాలు. గ్యారడాస్, గార్‌చాంప్, మెటాగ్రాస్ మూడూ ప్రధానంగా ఫిజికల్ దాడి చేసేవే. బర్న్ (కాలిన గాయం) అంటుకుంటే ఆ దాడి సగమైపోతుంది. స్టీల్, ఫ్లయింగ్ కలిసిన స్కార్మరీలాంటి గట్టి డిఫెన్స్ ఉన్నది అడ్డం వస్తే మూడూ అక్కడే ఆగిపోవచ్చు. కాబట్టి స్పెషల్ దాడి చేసేది ఒకటి కచ్చితంగా ఉండాలి, వేగం కూడా ఉంటే ఇంకా మంచిది. గెంగార్‌కి రెండూ ఉన్నాయి, థండర్‌బోల్ట్ నేర్పిస్తే స్కార్మరీ పని పడుతుంది. సైకిక్, ఘోస్ట్, డార్క్‌లతో, కొత్త ఆటల్లో గ్రౌండ్‌తో కూడా దానికి ఇబ్బంది, మొదటి మూడింటికీ అంబ్రియాన్, గ్రౌండ్‌కి గ్యారడాస్ ఉన్నాయి. చాలా ఆటల్లో హాంటర్‌ని ఇంకొకరితో ట్రేడ్ చేస్తేనే గెంగార్ అవుతుంది, కాబట్టి గంటస్తంభం దగ్గర కలిసే ఫ్రెండ్స్‌లో ఈ ఆట ఆడేవాడు ఒకడుంటే ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఆరోది మీ ఇష్టం, నిజంగానే. పెట్టాక మాత్రం కాగితం తీసి 18 టైపులూ వరసగా రాసి, ఒక్కో టైప్ దెబ్బ మీ టీమ్‌లో ఎన్నిటికి ఎక్కువ తగులుతుందో లెక్కపెట్టండి. ఏ టైప్ దగ్గరైనా మూడు దాటితే ఒకదాన్ని మార్చడమే.

ఇక మూవ్‌లు. ఒక్కోదానికి నాలుగే ఉంటాయి. సొంత టైప్‌ది ఒకటైనా ఉంచండి, దానికి ఒకటిన్నర రెట్ల బలం వస్తుంది. నాలుగూ ఒకే టైప్‌వి మాత్రం పెట్టొద్దు.

ఈ పేర్లన్నీ ప్రతి ఆటలోనూ దొరకవు. దొరికినా గార్‌చాంప్ అవ్వడానికి లెవెల్ 48, మెటాగ్రాస్‌కి 45 కావాలి, అప్పటిదాకా కథలో దొరికే ఏదో ఒక గ్రౌండ్, ఏదో ఒక స్టీల్‌తో నడిపించండి. పేరు మారినా పర్లేదు, కాపు కాసే పని జరగాలి.

ఫోన్‌లో పోకెమాన్ గో మాత్రమే ఆడేవాళ్లకి మ్యాచ్‌లో మూడే ఉంటాయి, పద్ధతి ఇదే: మొదటిదాని బలహీనతకి రెండోది, రెండోదాని బలహీనతకి మూడోది. అక్కడ సున్నా అనేది లేదు, దెబ్బ బాగా తగ్గుతుందంతే, కాబట్టి పైన చెప్పినట్టు ధైర్యంగా ఎదురు దింపేయొద్దు. గ్రేట్ లీగ్ అనే పోటీలో 1500 సీపీ (పోకెమాన్ బలం చూపే అంకె) దాటినది ఆడనివ్వరు, పెంచిన సీపీ మళ్లీ తగ్గించలేం, అందుకని 1450 దగ్గరకి రాగానే పవర్ అప్ బటన్ నొక్కేముందు ఎంత పెరుగుతుందో చూసుకుని నొక్కండి.