పెద్ద చక్రాలు వేయిస్తే మైలేజ్ ఎంత తగ్గుతుంది: వేయించే ముందూ వేయించాకా తేల్చుకునే పద్ధతి

కారు కొన్న ఏడాదికో రెండేళ్లకో చాలామందికి చక్రాల మీద మనసు పడుతుంది. కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల ఇనుప రిమ్ములూ వాటిమీది ప్లాస్టిక్ కప్పులూ వెలవెలబోతున్నట్టు అనిపిస్తాయి. హన్మకొండలో గానీ వరంగల్‌లో గానీ టైర్ల దుకాణం ముందు ఆగితే 16, 17 అంగుళాల అలాయ్ వీల్స్ గోడనిండా వేలాడుతూ కనిపిస్తాయి. మైలేజ్ సంగతేమిటని అడిగితే దుకాణదారు "ఏం ఫరక్ పడదు సార్" అంటాడు. వేయించుకున్న స్నేహితుడేమో "లీటరుకు రెండు కిలోమీటర్లు పోయినయ్" అంటాడు. నేను విన్నంతవరకు ఇద్దరూ కొలవకుండా చెబుతున్న మాటలే ఇవి. కొలిచే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఒక కాగితం, ఒక తూకం, రెండు మూడు ట్యాంకుల పెట్రోలు, కొంచెం ఓపిక ఉంటే చాలు.

ముందుగా మీ టైరు పక్కగోడ మీది అంకెలను చదవండి. మారుతి స్విఫ్ట్‌నే తీసుకుంటే, కింది వేరియంట్లకు 165/80 ఆర్ 14, పై వేరియంట్లకు 185/65 ఆర్ 15 టైర్లు వస్తాయి. మొదటి అంకె టైరు వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతుంది, రెండోది పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది, చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాలలో. చక్రం మొత్తం వ్యాసం తెలియాలంటే రిమ్ము అంగుళాలను 25.4తో గుణించి, దానికి పక్కగోడ ఎత్తును రెండింతలు చేసి కలపాలి. 165లో 80 శాతం 132, రెండింతలు 264. 14 అంగుళాలంటే 355.6, మొత్తం 619.6 మిల్లీమీటర్లు. అదే లెక్కన 185/65 ఆర్ 15 చక్రం 621.5 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే రిమ్ము ఒక అంగుళం పెరిగినా చక్రం మొత్తం మీద రెండు మిల్లీమీటర్లు కూడా పెరగలేదు, ఎందుకంటే కంపెనీ పక్కగోడను ఆ మేరకు తగ్గించింది. 16 అంగుళాలకు వెళ్లాలనుకునేవారు కూడా ఇదే దారి పట్టాలి: 195/55 ఆర్ 16 వేస్తే 620.9 వస్తుంది. అలా కాకుండా స్టాకులో ఉందని 205/60 ఆర్ 16 వేయిస్తే వ్యాసం 652.4కు, అంటే 15 అంగుళాల చక్రం కన్నా దాదాపు 5 శాతం పైకి పోతుంది. నా మట్టుకు నేను ఒక శాతం తేడా దాటనివ్వను. మూడు శాతం దాటే సైజును ఎవరు సిఫారసు చేసినా పక్కన పెట్టేయడం మంచిది.

వ్యాసం ఐదు శాతం పెరిగితే కారు గేర్లన్నీ ఐదు శాతం పొడవైనట్టే లెక్క. ఇంజను అదే వేగంతో తిరిగినా కారు ఎక్కువ దూరం పోతుంది, కానీ చక్రం రోడ్డును తోసే బలం ఆ మేరకు తగ్గుతుంది. జాతీయ రహదారి 163 మీద జనగామ వైపు నిలకడగా 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దీనివల్ల కాస్త మేలు జరిగినా జరగవచ్చు. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగి కదిలే ప్రయాణంలో మాత్రం మూడో గేర్లో పోవలసిన చోట రెండో గేర్లోనే నడపవలసి వస్తుంది, పికప్ మందగించిందని యాక్సిలరేటర్ మరింత తొక్కవలసి వస్తుంది. పెట్రోలు కరిగేది అక్కడే.

ఇక బరువు. పెద్ద రిమ్ము బరువుగా ఉంటుందనీ, అలాయ్ అయితే తేలిక అనీ చాలామంది నమ్ముతారు. రెండూ అన్నివేళలా నిజం కావు. పోతపోసిన చవకరకం 16 అంగుళాల అలాయ్, కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల ఇనుప రిమ్ము కన్నా బరువుగా ఉండవచ్చు. ఫ్లో ఫార్మింగ్ పద్ధతిలో (పోతపోసిన రిమ్మును తిప్పుతూ రోలర్లతో నొక్కి పలచన చేసే తీరు) చేసినవి, ఫోర్జింగ్ చేసినవి (లోహపు దిమ్మను గట్టిగా నొక్కి ఆకారం తెచ్చినవి) తేలికగా ఉంటాయి గానీ ధర ఎక్కువ. అందుకని కొనేముందు తూకం వేయమని అడగండి. ఒక రిమ్మును చేత పట్టుకుని బరువు చూసుకునే యంత్రం మీద నిలబడి, తర్వాత మీ ఒక్కరి బరువు తీసేసినా లెక్క తేలిపోతుంది. పాత చక్రాన్ని టైరుతో సహా, కొత్తదాన్ని టైరుతో సహా తూచి పోల్చాలి, ఎందుకంటే వెడల్పు టైరు బరువు కూడా పెరిగే ఉంటుంది.

చక్రం బరువు కారులో పెట్టిన బస్తా బరువు వంటిది కాదు. అది కారుతోపాటు ముందుకు సాగడమే కాక తన చుట్టూ తాను తిరగాలి కూడా. అంచున ఉన్న కిలో, కారును కదిలించే సమయంలో రెండు కిలోలకు దగ్గరగా భారమవుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ అలా ఎక్కించిన శక్తి అంతా వేడిగా మారి పోతుంది. అయినా ఇక్కడ ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. చక్రానికి మూడు కిలోల చొప్పున నాలుగింటికి పన్నెండు కిలోలు పెరిగిందనుకుందాం. తిరుగుడు భారంతో కలిపి అది ఇరవై కిలోల పైచిలుకు అవుతుంది. వెయ్యి కిలోల కారులో అది రెండు శాతం చిల్లర. కాబట్టి మైలేజ్ ఆరేడు శాతం పడిపోతే నేరమంతా రిమ్ము బరువు మీద మోపడం సరికాదు. నా అభిప్రాయంలో అసలు తేడా ఎక్కువసార్లు టైరు వెడల్పులోనూ రబ్బరులోనూ ఉంటుంది.

టైరు రోడ్డు మీద దొర్లేటప్పుడు నేలను తాకిన భాగం నొక్కుకుని, పైకి వచ్చాక మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఈ నొక్కుడులో కొంత శక్తి రబ్బరు వేడెక్కడానికి ఖర్చవుతుంది. దీన్నే దొర్లుడు నిరోధం అనవచ్చు. ఈ నిరోధం పది శాతం తగ్గితే ఇంధన పొదుపు ఒకటి నుంచి రెండు శాతం మెరుగవుతుందని ఇంజనీర్ల అంచనా. పెరిగితే నష్టం కూడా దాదాపు అదే మోతాదులో ఉంటుంది. పట్టు కోసం మెత్తటి రబ్బరుతో చేసిన స్పోర్ట్స్ టైరుకూ, పొదుపు కోసం చేసిన టైరుకూ, సైజు ఒకటే అయినా, ఈ నిరోధంలో పెద్ద తేడా ఉంటుంది. 16 అంగుళాలకు మారేవారిలో చాలామంది రిమ్ముతోపాటు ఈ స్పోర్ట్స్ రకం టైరుకు కూడా మారిపోతారు, తర్వాత తప్పంతా రిమ్ముది అంటారు. మన దేశంలో కార్ల టైర్లకు దొర్లుడు నిరోధం, తడి రోడ్డు మీద పట్టు, శబ్దం అనే మూడు అంశాలకు పరిమితులు పెట్టే ఏఐఎస్-142 ప్రమాణాన్ని కేంద్ర రహదారి రవాణా శాఖ 2022లో నోటిఫై చేసింది. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ టైర్లకు కూడా నక్షత్రాల లేబుల్ తెచ్చింది. ఫ్రిజ్జు కొనేటప్పుడు నక్షత్రాలు చూసినట్టే టైరు కొనేటప్పుడూ అడగండి. రెండు టైర్లు ఒకే ధరలో ఉంటే ఎక్కువ నక్షత్రాలున్నదే తీసుకోండి.

వెడల్పు టైరుకు మరో ఖర్చు ఉంది. అది గాలికి ఎక్కువగా అడ్డం పడుతుంది. రిమ్ము ఆఫ్‌సెట్ (బోల్టులు బిగించే ముఖం రిమ్ము వెడల్పు మధ్యగీతకు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) తక్కువై చక్రం ఫెండర్ (చక్రం మీది బాడీ రేకు) బయటికి పొడుచుకొస్తే ఈ అడ్డు మరింత పెరుగుతుంది. గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి ఊళ్లో దీని ప్రభావం కనిపించదు గానీ హైదరాబాద్ దాకా వంద వేగంతో పోయేవారి బిల్లులో కనిపిస్తుంది. అమెరికాలోని కార్ అండ్ డ్రైవర్ పత్రిక 2010లో ఒక ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కారుకు 15 నుంచి 19 అంగుళాల దాకా చక్రాలు మార్చి మార్చి పరీక్షించగా, మొదటిదానికీ చివరిదానికీ మధ్య మైలేజ్ సుమారు పది శాతం తగ్గింది. అక్కడ పెరిగినవి నాలుగు అంగుళాలని గుర్తుంచుకోవాలి. ఒక అంగుళం మార్చినవారికి అంత నష్టం రాకూడదు. వస్తే ఏదో ఒక ఎంపికలో పొరపాటు జరిగిందని అర్థం.

కొనేటప్పుడు బోల్టుల పీసీడీ (బోల్టు రంధ్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం), మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ మీ కారుకు సరిపోవాలి. టైరు లోడ్ ఇండెక్స్ పాతదాని కన్నా తగ్గకూడదు. 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు, 88 అంటే 560 కిలోలు మోయగలదని అర్థం. మీ మోడల్‌లోనే పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన సైజును ఎంచుకుంటే మైలేజ్ విషయంలోనూ, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ విషయంలోనూ చిక్కులుండవు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. ఎంచుకున్న మార్పును బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇప్పుడు కొలత సంగతి. ఇది చక్రాలు మార్చకముందే మొదలు కావాలి. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి టక్కున ఆగేదాకా ట్యాంకు నింపించి ట్రిప్ మీటరును సున్నా చేయండి. రోజూ తిరిగే దారిలోనే తిరిగి, కనీసం మూడు వందల కిలోమీటర్లు దాటాక అదే బంకులో అదే తీరుగా మళ్లీ నింపించండి. రెండోసారి పట్టిన లీటర్లతో కిలోమీటర్లను భాగించాలి. ఒక్క ట్యాంకు లెక్కను నమ్మకూడదు. ముందు మూడు, తర్వాత మూడు ట్యాంకులైనా చూడాలి. ఏసీ వాడకం, ఎక్కే మనుషులు దాదాపు ఒకేలా ఉండాలి. మేడారం జాతర రద్దీలో ఇరుక్కున్న ట్యాంకునో, పెళ్లి సామాన్లు మోసిన ట్యాంకునో లెక్కలోంచి తీసేయండి. మే నెల ఎండలో ఏసీ ఆపకుండా నడిపిన కొలతను డిసెంబరు కొలతతో పోల్చడం కూడా అన్యాయమే.

అందరూ తప్పుతున్నది ఓడోమీటరు దగ్గర. అది దూరాన్ని నేరుగా కొలవదు. చక్రం తిరిగిన చుట్లను లెక్కించి, కంపెనీ చక్రం చుట్టుకొలతతో హెచ్చవేసి చూపిస్తుంది. చక్రం పెద్దదైతే అంతే దూరానికి తక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. డాష్‌బోర్డులో కనిపించే మైలేజ్ అంకె కూడా ఇదే పొరపాటు చేస్తుంది. పైన చెప్పిన 205/60 ఆర్ 16 టైర్లతో మీటరు 400 కిలోమీటర్లు చూపి, 24 లీటర్లు పట్టిందనుకుందాం. లెక్కకు 16.7 వస్తుంది. చక్రాలు మార్చకముందు 18.5 వచ్చి ఉంటే "రెండు కిలోమీటర్లు పోయినయ్" అనడానికి ఇది చాలు. కానీ కారు నిజంగా నడిచింది 400 కాదు, 420. అసలు మైలేజ్ 17.5. పోయింది ఒక్క కిలోమీటరే. చక్రం చిన్నదైనప్పుడు దీనికి వ్యతిరేకంగా, లేని లాభం కనిపిస్తుంది.

ఈ తేడాను రోడ్డు మీదే పట్టుకోవచ్చు. హైవే మీద కిలోమీటరు రాళ్లు వరుసగా ఉన్న చోట ఒక రాయి దగ్గర ట్రిప్ మీటరును సున్నా చేసి, దాని తర్వాత ఇరవయ్యో రాయి దాటేటప్పుడు పక్కనున్నవారితో అంకె రాయించండి. ఫోనులోని జీపీఎస్‌తో కూడా సరిచూడవచ్చు. ఇరవై కిలోమీటర్లకు మీటరు 19 చూపితే, ఇక మీద మీటరు చూపే ప్రతి దూరాన్నీ 20తో గుణించి 19తో భాగించాలి. పాత చక్రాలతో ఒకసారి, కొత్తవాటితో ఒకసారి ఈ పరీక్ష చేయాలి. నేను నా కారుకు మొదటిసారి చక్రాలు మార్చినప్పుడు పాతవాటితో ఈ పరీక్ష చేయలేదు. దాంతో ఆ తర్వాత మూడు నెలలు రాసుకున్న అంకెలన్నీ పనికిరాకుండా పోయాయి.

అరిగిన టైర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉండి, 1.6 దాకా అరిగితే చక్రం వ్యాసం 12.8 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఇది 621 మిల్లీమీటర్ల చక్రంలో రెండు శాతం. పైగా అరిగిన టైరు కొత్తదానికన్నా తేలికగా దొర్లుతుంది. కాబట్టి అరిగిపోయిన పాత టైర్ల మైలేజ్‌తో కొత్త పెద్ద చక్రాల మైలేజ్‌ను పోల్చితే, అదే సైజు కొత్త టైర్లు వేసినా వచ్చే తగ్గుదలను కూడా రిమ్ము ఖాతాలో రాసినట్టవుతుంది. కొత్త టైర్లు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాకే కొలత మొదలుపెట్టండి.

గాలి విషయంలో అశ్రద్ధ పనికిరాదు. నాలుగు టైర్లలోనూ సగటున ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గితే మైలేజ్ సుమారు 0.2 శాతం తగ్గుతుంది. డ్రైవరు తలుపు దగ్గర అతికించిన స్టిక్కర్ మీది పీఎస్ఐ పాత సైజుకు చెప్పినది. కొత్త సైజుకు టైరు కంపెనీ లోడు పట్టిక చూసి నిర్ణయించాలి. పొద్దున్నే, బండి కదలకముందు కొలవాలి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్ఐ పెరుగుతుంది కనుక, రామగుండం ఎండలో మధ్యాహ్నం సరిగ్గా కనిపించిన గాలి తెల్లవారేసరికి తక్కువని తేలుతుంది. పక్కగోడ సన్నగా ఉన్న టైరుతో గుంతలో పడితే రిమ్ము అంచు వంగి, గాలి నెమ్మదిగా జారిపోతుంది. భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు తిరిగే దారుల్లో రోజూ ప్రయాణించేవారు 55 కన్నా తక్కువ ప్రొఫైల్‌కు (టైరు మీది రెండో అంకె) పోవద్దని నా సలహా.

లెక్క తేలాక డబ్బుల్లోకి మార్చుకోండి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారు మైలేజ్ 18.5 నుంచి 17.5కు తగ్గితే 37 లీటర్లు అదనంగా కావాలి. లీటరు 107 రూపాయలనుకుంటే దాదాపు 4,000 రూపాయలు. ఆ మొత్తం మీకు సమ్మతమైతే నిశ్చింతగా వాడుకోండి. సమ్మతం కాకపోతే ముందు గాలి, తర్వాత వీల్ అలైన్‌మెంట్, ఆ తర్వాత టైరు రకం మార్చి చూసి, చివరికే రిమ్ము జోలికి వెళ్లండి. మూడు ట్యాంకుల లెక్క చేతికి వచ్చేదాకా పాత చక్రాలను ఎక్స్ఛేంజ్ కింద దుకాణానికి ఇచ్చేయకండి.