హైదరాబాదు నుంచి డల్లాస్‌కు: పెద్దవాళ్ళను విమానం ఎక్కించే ముందు

శంషాబాద్ నుంచి డల్లాస్‌కు గాలిదారిన దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. దోహా మీదుగా వెళితే మొదటి విమానంలో సుమారు నాలుగున్నర గంటలు, రెండోదానిలో దాదాపు పదహారు గంటలు పడుతుంది. మధ్యలో మూడు గంటలు ఆగితే మొత్తం ఇరవై మూడున్నర గంటలవుతుంది. టిక్కెట్టు మీద మాత్రం ఏ ఊరి సమయం ఆ ఊరిదే ఉంటుంది కనుక, తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి అదే రోజు సాయంత్రం 5 గంటలకు దిగినట్టు కనిపిస్తుంది. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుందన్న సంగతి మరచి, పదమూడు గంటలకు సరిపడా మాత్రలు చేతిసంచిలో పెట్టి మిగిలినవి పెద్ద సూట్‌కేసులో సర్దేవాళ్ళున్నారు.

చక్కెర వ్యాధి ఉన్నవారి విషయంలో ఈ పొరపాటు ప్రమాదకరం. ఆ రోజు మామూలుకంటే పదిన్నర గంటలు పొడవవుతుంది కనుక, ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత తీసుకోవాలో డాక్టరును ముందే అడిగి, భారత కాలమానంలోనే కాగితం మీద రాసి, చేతి గడియారాన్ని దిగేదాకా మార్చవద్దని చెప్పాలి. విమానం అడుగున ఉండే సామాన్ల అరలో చలికి గడ్డకట్టే అవకాశం ఉంది కాబట్టి ఇన్సులిన్‌ను మందుల చీటీతో సహా తమ వెంటే ఉంచుకోవాలి. విమానం లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది; గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు డాక్టరు సరేనన్నాకే టిక్కెట్టు కొనడం మంచిది.

అన్నిటికంటే నేను భయపడేది కదలకుండా కూర్చోవడానికే. మా అమ్మ మొదటిసారి కిటికీ పక్కన కూర్చుని, బాత్రూముకు వెళ్ళాలంటే పక్కవాళ్ళను లేపాలన్న మొహమాటంతో నీళ్ళు తాగడమే మానేసింది. దిగేసరికి పాదాలు పొంగి, మెట్టెలు వేళ్ళలోకి దిగబడి, సబ్బునీళ్ళతో తీయవలసి వచ్చింది. వాపు రెండు రోజుల్లో తగ్గింది కానీ, ఒక్క కాలికే వాపు, పిక్కలో నొప్పి వస్తే సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే చూపించాలి. ఆయాసం కూడా తోడైతే అది అత్యవసరమే. అందుకే నడవ పక్క సీటు తీసుకోవాలి, రెండు గంటలకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించుతుండాలి, మెట్టెలు ముందే వదులు చేసుకోవాలి.

చక్రాల కుర్చీని కనీసం రెండు రోజుల ముందు కోరాలి. నడవగలిగినా సరే, ఇందులో నామోషీ అక్కరలేదు. ఆవకాయను గట్టిగా మూతపెట్టి పెద్ద సూట్‌కేసులోనే పెట్టాలి. తాజా కరివేపాకు మాత్రం వద్దు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది కనుక అమెరికాలోకి రానివ్వరు. పిల్లల చిరునామా, ఫోను నంబరు ఫోనులో ఉన్నా, చార్జింగు అయిపోతే పనికొచ్చేలా ఇంగ్లీషులో కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టి పంపాలి.