కుక్కను తెచ్చుకునే ముందు దానితో కాసేపు గడిపి చూడండి

ఇంట్లో ఎవరికైనా అలర్జీ ఉంటే, "ఈ జాతికి వెంట్రుకలు రాలవు, మీకేం కాదు" అనే మాట నమ్మి డబ్బు కట్టేయకండి. తుమ్ములు తెప్పించేది వెంట్రుక కాదు, కుక్క లాలాజలంలో, మూత్రంలో, చర్మం నుంచి రాలే సన్నటి పొట్టులో ఉండే ప్రోటీన్లు, అవి వెంట్రుకలు రాలవని చెప్పే పూడుల్ జాతికైనా ఉంటాయి. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, అలర్జీ రాదని చెప్పే జాతులున్న ఇళ్ల దుమ్ములోనూ ఈ ప్రోటీన్లలో ఒకటి మిగతా కుక్కలున్న ఇళ్లలో ఉన్నంతే కనిపించింది.

అందుకే జాతిని కాదు, మీరు తెచ్చుకోబోయే ఆ ఒక్క కుక్కను చూసుకోండి. అలర్జీ ఉన్న మనిషినే తీసుకెళ్లి, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెయ్యి నాకనిచ్చి, ఓ గంట గడపనివ్వండి, చర్మం మీద దద్దుర్లు లేస్తున్నాయా, కళ్లు దురద పెడుతున్నాయా అని అప్పుడే కాదు, మర్నాడు కూడా గమనించండి. ఒక్కసారితో తేల్చేయకుండా మూడు నాలుగుసార్లు వెళ్లండి. పడలేదని తర్వాత వెనక్కిచ్చేస్తే ఆ మూగజీవి చాలా బెంగపడుతుంది. (ఆస్తమా ఉంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఇలా చేయొద్దు.)

చాలామందికి తెలియనిది ఇంకొకటి. కాన్ ఎఫ్ 5 అనే ప్రోటీన్ మగ కుక్కల ప్రోస్టేట్ గ్రంథిలో తయారవుతుంది. రక్తపరీక్షలో మీకు దానికొక్కదానికే అలర్జీ అని తేలితే, ఆడ కుక్క పడే అవకాశం ఉంది.

తెచ్చాక పడకగదిలోకి మొదటి రోజు నుంచే రానివ్వకండి. స్నానం వారానికి రెండుసార్లు, ఎందుకంటే తగ్గిన ప్రోటీన్ కొద్ది రోజుల్లోనే మళ్లీ పెరుగుతుంది.