పెద్ద చేపల తొట్టిలో పొసగని పొత్తు: లక్షణం, కారణం, పరిష్కారం

అక్వేరియం దుకాణంలో వేలెడంత కనిపించే ఆస్కార్ చేప పిల్ల, మేత సక్రమంగా అందితే, ఏడాది తిరిగేసరికి జానెడు దాటుతుంది. కాబట్టి దానికి తోడుగా ఏ చేపను వేయాలన్నది కొన్ననాటి కొలతను చూసి కాక, అది ఎదిగాక ఉండే కొలతను చూసి నిర్ణయించుకోవాలి. విజయవాడ, గుంటూరు ఇళ్లలో నేను చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం ఈ లెక్క తప్పడం వల్ల వచ్చినవే.

రాత్రి ఉన్న చిన్న చేప తెల్లవారేసరికి కనిపించడం లేదు

ఇందులో పగ ఏమీ లేదు. ఆస్కార్‌కైనా, అరోవానాకైనా నోట పట్టేదంతా మేతే. పెద్దదాని పొడవులో కనీసం మూడింట రెండు వంతులున్న చేపనే తోడుగా ఎంచుకోవాలి. పొడవుతోపాటు ఒంటి వెడల్పూ ముఖ్యం కనుక, పళ్లెంలా గుండ్రంగా ఉండే సిల్వర్ డాలర్ చేపలు ఆస్కార్‌కు బాగా నప్పుతాయి. అడుగున తిరిగే కోరిడోరస్ వంటి చిన్న చేపలు మరీ ప్రమాదం, ఎందుకంటే మింగబోయినప్పుడు అవి ముళ్లను బిగించి నిలుపుతాయి. ఆ ముళ్లు గొంతులో ఇరుక్కుని తిన్నదీ, తినబడినదీ రెండూ చావవచ్చు. ఇక మీటరుకు పైగా పెరిగే రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్‌ను ఇంటి తొట్టిలో అసలు పెంచకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

కొత్త చేప మూలకు నక్కి ఉంది, రెక్కలు చిరిగాయి

పాత చేప తొట్టి మొత్తాన్ని తన హద్దుగా భావించడమే దీనికి కారణం. ముందుగా పాత చేపను నీళ్ల టబ్బులోకి మార్చి, రాళ్లు, దుంగల అమరికను పూర్తిగా మార్చాలి. కొత్త చేపను ముందు వదిలి, దీపం ఆర్పిన తరువాతే పాతదాన్ని తిరిగి వేస్తే, ఎటు చూసినా కొత్త చోటే కనుక దాని పెత్తనం కొంత తగ్గుతుంది. అప్పటికీ తరుముతూ ఉంటే, రంధ్రాలున్న ప్లాస్టిక్ పలకను అడ్డంగా నిలిపి, ఒకటి రెండు వారాలు ఒకదానికొకటి కనిపించేలా మాత్రమే ఉంచాలి.

తొట్టి చిన్నదైతే ఈ ఉపాయాలేవీ నిలవవు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో నిండా పోసినా 255 లీటర్లే పడతాయి. అది ఒక ఆస్కార్‌కు సరిపోతుంది కానీ, రెండింటికి ఇరుకే. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉంటే 680 లీటర్ల దాకా వస్తాయి, పొత్తు గురించి ఆలోచించవలసింది అక్కడి నుంచే. అయితే రెండు చేపలు కలిసి ఒక చదును రాయిని శుభ్రం చేసి, దాని దగ్గరికి దేన్నీ రానివ్వకుండా ఉంటే, అది గుడ్ల కాపలా. అప్పుడు జంటను వదిలేసి మిగిలిన చేపలనే వేరే తొట్టిలోకి మార్చాలి. ఫ్లవర్‌హార్న్ విషయంలో మాత్రం ఏ ప్రయోగమూ వద్దు, అది ఒంటరిగా ఉండవలసిన చేప.

చేప పక్కలపై గుండ్రటి పాలిపోయిన మచ్చలు

పగలంతా అద్దానికి అతుక్కుని బుద్ధిగా కనిపించే సక్కర్ చేపను అనుమానించాలి. పెద్దదయ్యాక నాచు చాలక, రాత్రివేళ వెడల్పాటి చేపల ఒంటిపై జిగురును నాకడం కొన్నింటికి అలవాటవుతుంది. దీపం ఆర్పాక అడుగుకు మునిగే బిళ్లల మేత వేసి చూడాలి, మానకపోతే దాన్ని తీసివేయాలి. వద్దనుకున్న సక్కర్‌ను బందరు కాలువలోనో, కృష్ణలోనో వదలడం తగదు. అది ఇక్కడి చేప కాదు, ఇక్కడి చేపల చోటును ఆక్రమిస్తుంది.

"షార్క్" అద్దానికి ముట్టె కొట్టుకుంటోంది

పిల్లల ముచ్చట కోసం నేనూ ఒకసారి ఈ పేరు నమ్మి కొన్నాను. అది షార్క్ కాదు, చేపల బజారులో కిలోల లెక్కన అమ్మే పంగస్ జాతిదే. గుంపుగా ఈదే బెదురు చేప కావడంతో, ఆస్కార్ కదిలినప్పుడల్లా ఉలిక్కిపడి అద్దాన్ని ఢీకొంటుంది. ఇంటి తొట్టిలో దీనికి పరిష్కారం లేదు, చెరువున్న వారికి ఇచ్చివేయడమే మార్గం.

మే నెలలో అన్ని చేపలూ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

ఒక్క చేపే పైన ఉంటే తరిమినదెవరో చూడాలి. అన్నీ కలిసి వస్తే, చాలావరకు అది పోరు కాదు, ఊపిరి కొరత. నీరు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువును తక్కువగా నిలుపుకొంటుంది, పైగా పెద్ద చేపలకు అది ఎక్కువగా కావాలి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపును కరెంటు పోయే వేళలకు సిద్ధంగా ఉంచుకుని, మేతను సగానికి తగ్గించి, పొద్దున చల్లని వేళలో నాలుగో వంతు నీటిని మార్చాలి. కుళాయి నీరైతే ముందుగా క్లోరిన్ పోగొట్టాలి. మంచుగడ్డలు వేసి నీటిని ఒక్కసారిగా చల్లబరచకూడదు. ఎండలు తగ్గేదాకా ఆ తొట్టిలో మరో కొత్త చేపను వేయకూడదు.